చిట్టి మినీ... గట్టి పిండం!

పదడుగుల పొడవు. పదంగుళాల చక్రాలు. పుట్టి అరవై ఏళ్లు దాటినా దాన్ని విప్పి, తుప్పు గీకి, మళ్లీ రోడ్డెక్కించేవాళ్లకు కొదవలేదు. మరోవంక అదే పేరుతో, అదే ముఖంతో కొత్త కారు షోరూముల్లో మెరుస్తోంది. ఇంతకీ ఆ రెంటికీ చుట్టరికం పేరులోనేనా... ఇంకేమైనా ఉందా?

మిస్టర్ బీన్ కారు గుర్తుందా? నిమ్మపండు రంగు ఒళ్లు, నల్లటి బానెట్, తలుపుకి బీరువాకి వేసినట్టు ఓ గొళ్లెం, దానికో తాళంకప్ప. ఓసారి కొన్న సామానంతా లోపల కుక్కేసరికి తనకే చోటు లేకుండా పోతుంది. అయినా తగ్గడే! కొత్తగా కొన్న సోఫా కుర్చీని కారు పైన కట్టేసి, దానిమీద కూర్చుని, తాళ్లతో, కర్రలతో బండి నడిపేస్తాడు. అది చూసి పిల్లలు పడీపడీ నవ్వుతారు. కానీ అది నవ్వించడానికి చేసిన బొమ్మకారు కాదు. 1977 నాటి అసలు సిసలు మినీ.

1959 నుంచి 2000 దాకా బ్రిటన్‌లో తయారైన కారు ఇది. ఆ నలభై ఏళ్లలో 53 లక్షలకు పైగా రోడ్డెక్కాయి. తయారీ ఆగిపోయి పాతికేళ్లు దాటినా, సెలవురోజు వస్తే చాలు... షెడ్డు తలుపులు బార్లా తీసి, దానికింద దూరి, చేతులకు మసి పూసుకునేవాళ్లు అక్కడ ఇంకా కనిపిస్తూనే ఉంటారు. వాళ్లలో కొందరి ఇంటిముందు కొత్త మినీ కూడా ఉంటుంది. వారమంతా ఆఫీసుకి వెళ్లిరావడానికి కొత్తది... ఆదివారం ప్రాణం పెట్టడానికి పాతది!

పెట్రోలు కరవులో పుట్టింది

1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. దానిమీద యుద్ధం వచ్చింది. కాలువ మూతపడింది. చమురు ఓడలు ఆగిపోయాయి. ఆ డిసెంబరు నుంచి తర్వాతి ఏడాది మే దాకా బ్రిటన్‌లో పెట్రోలుకి రేషన్! దాంతో తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే బుల్లి బండ్లకు గిరాకీ పెరిగింది. జర్మనీ నుంచి వచ్చిన బుడగల్లాంటి కార్లు లండన్ వీధుల్లో తెగ తిరిగాయి. బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లియొనార్డ్ లార్డ్‌కి అవి కంటగింపుగా ఉండేవి. తన ఇంజినీరు అలెక్ ఇస్సిగోనిస్‌ని పిలిచి, నలుగురు మనుషులు సరిగ్గా కూర్చోగలిగే నిఖార్సైన చిన్న కారు కావాలన్నాడు. ఒకటే షరతు... ఇంజన్ మాత్రం కంపెనీ దగ్గర ఇప్పటికే ఉన్నదే వాడాలి.

ఇస్సిగోనిస్ 1906లో స్మిర్నాలో, అంటే ఇప్పటి టర్కీలోని ఇజ్మిర్ నగరంలో పుట్టాడు. యుద్ధం వల్ల 1922లో ఊరు వదిలి ఇంగ్లండ్ చేరాడు. కాలేజీలో లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పాడు. కానీ చేతిలో పెన్సిలు ఉంటే ఆయనకు తిరుగులేదు. దొరికిన కాగితం ముక్క మీదల్లా బొమ్మలు గీసి, వాటినే పనివాళ్ల చేతికిచ్చేవాడు.

ఆయన ఆలోచన ఎంత సూటిగా ఉందో చూడండి. పొడవు పదడుగులు, వెడల్పు నాలుగు, ఎత్తు నాలుగు అడుగులు ఉండే ఓ పెట్టెను ఊహించుకున్నాడు. అందులో నూటికి ఎనభై వంతుల చోటు మనుషులకూ సామానుకూ దక్కాలి. మన అంబాసిడర్ పొడవు పద్నాలుగు అడుగులు ఉండేది. మరి నాలుగడుగులు తగ్గించి నలుగురినీ కూర్చోబెట్టడం ఎలా?

అప్పట్లో చాలా కార్లలో ఇంజన్ నిలువుగా, ముందు నుంచి వెనక్కి బారుగా ఉండేది. దాని వెనక గేరుబాక్సు, అక్కడినుంచి వెనక చక్రాల దాకా పొడవాటి షాఫ్టు. ఇస్సిగోనిస్ ఇంజన్‌ని అడ్డంగా తిప్పేశాడు. గేరుబాక్సుని దాని పక్కన పెట్టే చోటు లేకపోతే కింద ఆయిల్ నిలిచే తొట్టిలో ఇమిడ్చాడు. ముందు చక్రాలనే తిప్పించడంతో వెనక్కి షాఫ్టు అక్కర్లేకపోయింది. చక్రాలు పెద్దవైతే లోపలికి చొచ్చుకొచ్చి మనుషుల చోటు తినేస్తాయని పదంగుళాలకు కుదించాడు. స్ప్రింగులు చోటు తింటాయని వాటి బదులు అలెక్స్ మౌల్టన్ అనే ఇంజినీరు రూపొందించిన రబ్బరు దిమ్మెలు పెట్టాడు. తలుపు అద్దాలు కిందికి దిగకుండా పక్కకు జరిగేలా చేశాడు. అద్దం దిగే చోటు మిగలడంతో తలుపు లోపల పెద్ద సంచీలాంటి అర వచ్చింది!

1959 ఆగస్టు 26న కారు జనం ముందుకొచ్చింది. 848 సీసీ ఇంజన్, 34 హార్స్‌పవర్, ధర దాదాపు 497 పౌండ్లు. మామూలు ఉద్యోగి కోసం చేసిన ఈ కారును మొదట్లో మామూలు ఉద్యోగులు అనుమానంగానే చూశారు. మోజుపడింది సినిమావాళ్లు, పాటగాళ్లు. బీటిల్స్ బృందంలోని నలుగురికీ మినీలుండేవి. ఇక రేసు కార్ల తయారీదారు జాన్ కూపర్ చేయి పడ్డాక వచ్చిన 'మినీ కూపర్' 1964, 1965, 1967ల్లో మాంటెకార్లో ర్యాలీ గెలిచింది. పెద్దపెద్ద ఇంజన్ల కార్లు మంచుకొండల మలుపుల్లో తడబడుతుంటే, నాలుగు మూలలా నాలుగు చక్రాలున్న ఈ పిల్లకారు నేలకు అతుక్కుని దూసుకుపోయింది.

అన్నట్టు, దాని ఇంజన్ మనకు బొత్తిగా పరాయిదేం కాదు. మన అంబాసిడర్‌లో ఏళ్లతరబడి వాడిన పెట్రోలు ఇంజన్ బ్రిటిష్ మోటార్ వాళ్ల 'బి సిరీస్'. మినీలోది 'ఎ సిరీస్'. అంటే, మన అంబాసిడర్ ఇంజన్‌కి తమ్ముడన్నమాట!

ముందు తుప్పు లెక్క తేలాలి

ఇప్పుడు అసలు కథకు వద్దాం. మీరు బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నారనుకుందాం. మినీ తయారైన లాంగ్‌బ్రిడ్జి ఫ్యాక్టరీ ఆ ఊళ్లోనే ఉండేది. వీధి చివరింటి పెద్దాయన ఏళ్లతరబడి షెడ్డులో కదలకుండా పడున్న మినీని మీకు అమ్మాడు. 'ఇంజన్ బ్రహ్మాండంగా ఉంది, కాస్త రంగు వేయిస్తే చాలు' అనే ఉంటాడు. పాత బండి అమ్మేవాళ్లు ఏ దేశంలోనైనా చెప్పే మాట అదే!

అనుభవమున్నవాళ్లు ముందు ఇంజన్ వైపు చూడనే చూడరు. కార్పెట్ ఎత్తి కింద రేకు చూస్తారు. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా బ్రిటన్ రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్లను చక్రాలు కారు అడుగుభాగానికి చిమ్ముతాయి. మినీకి లారీలాగా విడిగా బలమైన చట్రం లేదు. రేకుల పెట్టే చట్రం. ముందొకటి, వెనకొకటి చిన్న ఇనుప ఫ్రేములు బోల్టులతో దానికి బిగించి ఉంటాయి. కాబట్టి రేకు తుప్పుపడితే అందం ఒక్కటే పోదు, బలమూ పోతుంది. అందులోనూ వెనక ఫ్రేము మరీ బలహీనం. పైకి రంగు బాగానే కనిపిస్తుంది, లోపల్లోపలే గుల్లవుతుంది.

పరీక్షకు కావలసినవి రెండే... ఓ అయస్కాంతం, ఓ స్క్రూడ్రైవరు. అయస్కాంతం అతుక్కోలేదంటే అక్కడ రేకు లేదు, పుట్టీ పెట్టి రంగేశారని అర్థం. స్క్రూడ్రైవరుతో పొడిస్తే దిగబడిందంటే... చెప్పేదేముంది! ముందు మడ్‌గార్డులు, తలుపుల కింద గుమ్మాల్లా బారుగా ఉండే పట్టీలు, బ్యాటరీ పెట్టే తొట్టి, డిక్కీ అడుగు... వీటన్నిటినీ ఒక్కొక్కటీ తట్టి చూడాలి.

ఆ గుమ్మాల దగ్గరే పాత మోసం ఒకటి బయటపడుతుంది. తుప్పుపట్టిన పట్టీని కోసి తీసే ఓపికలేక, దానిమీదే వెడల్పాటి కొత్త రేకును కప్పి అతికేసేవాళ్లు కొందరు. చూడ్డానికి కొత్తగా ఉంటుంది. కానీ రెండు రేకుల మధ్య నీళ్లు నిలిచి, ఉన్న తుప్పు రెట్టింపవుతుంది. అసలు పట్టీ సన్నగా ఉండాలి. కాస్త వెడల్పుగా కనిపించిందంటే తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు.

కోత మొదలుపెట్టే ముందు ఇంకో జాగ్రత్త. పాతింట్లో గోడ పడగొట్టే ముందు పైకప్పుకి ఊతకర్రలు పెడతామే, అలాగే తలుపుల ఖాళీల్లో ఇనుప కడ్డీలు అడ్డంగా వెల్డింగ్ చేసుకోవాలి. లేకపోతే పట్టీలు కోసిన క్షణంలో కారు మధ్యలో కుంగుతుంది. ఆ తర్వాత ఎంత బాగా అతికినా తలుపులు సరిగ్గా పడవు. అందుకే రెండు పక్కలా ఒకేసారి కొయ్యరు. ఒకవైపు కోసి, కొత్తది పెట్టి, తలుపు వేసి తీసి చూసుకుని, అప్పుడు రెండోవైపు.

అదృష్టమేమిటంటే మినీ రేకులన్నీ కలిసే అతుకులు బయటికే కనిపిస్తాయి. తలుపు బందులూ మొదట్లో బయటే ఉండేవి. ఫ్యాక్టరీలో వెల్డింగ్ తేలిగ్గా అవుతుందని ఇస్సిగోనిస్ అలా పెట్టించాడు. ఆయన పొదుపు కోసం చేసిన పని ఇప్పుడు ఇంటి షెడ్డులో రిపేరు చేసుకునేవాళ్లకు వరమైంది.

వానొస్తే... వంటింటి గ్లౌజు!

టింకరింగ్ పని ఓ కొలిక్కి వచ్చాక ఇంజన్ సంగతి. గేరుబాక్సు అడుగునే ఉంటుంది కాబట్టి దాని పని పడితే రెంటినీ కలిపే పైకి లాగాలి. క్లచ్ ప్లేటు మార్చాలంటే మాత్రం ఇంజన్ దించక్కర్లేదు, బండిలో ఉండగానే చేసుకోవచ్చు.

ఇంజన్‌కీ గేర్లకీ ఒకటే ఆయిల్. ఇందులోనే మినీ తెలివి ఉంది, మినీ ఇబ్బందీ ఉంది. గేర్ల పళ్లు ఆయిల్‌ని నలిపేస్తాయి. గేర్ల నుంచి రాలే ఇనుప రజను అదే ఆయిల్‌లో కలిసి ఇంజన్‌లోకి పోయే ప్రమాదం ఉంది. అందుకే ఆయిల్ దించే బిరడాకి అయస్కాంతం పెట్టారు. ఆయిల్ మార్చిన ప్రతిసారీ ఆ బిరడాను తుడిచి చూడటం మినీ యజమానికి నాడి చూడటం లాంటిది. మెత్తని బూడిదలాంటి పొడి ఉంటే ఫర్వాలేదు. ముక్కలు కనిపించాయో... గేరుబాక్సు పిలుస్తోందని అర్థం. ఇప్పటి కార్లలాగా పదివేల కిలోమీటర్ల దాకా ఆగకూడదు. అయిదువేలకోసారి ఆయిల్ మార్చాల్సిందే.

ఇంకో ముచ్చట. మొదటి నమూనాల్లో ఇంజన్ ఇప్పుడున్న దానికి ఎదురు దిక్కుగా ఉండేది. కార్బురేటర్ ముందువైపు ఉండటంతో చలిగాలికి మంచు పట్టేసేది. దాంతో తయారీకి ముందు మొత్తం ఇంజన్‌నే వెనక్కి తిప్పేశారు. కార్బురేటర్ బాధ తీరింది కానీ ప్లగ్గులు, డిస్ట్రిబ్యూటర్ ముందుకొచ్చాయి. ముందు జాలీలోంచి వాననీళ్లు నేరుగా వాటిమీదే పడతాయి! జోరువానలో మినీ ఆగిపోవడం అప్పట్లో మామూలే. దానికి యజమానులు కనిపెట్టిన చిట్కా ఏమిటో తెలుసా? గిన్నెలు కడిగేటప్పుడు తొడుక్కునే రబ్బరు గ్లౌజును డిస్ట్రిబ్యూటర్‌కి తొడిగి, వేళ్ల చివర్లు కత్తిరించి అందులోంచి వైర్లు బయటికి తీసేవాళ్లు. తొలిరోజుల కార్లలో వాన లోపలికీ వచ్చేది. అడుగు రేకుల అతుకు తిరకాసుగా వేయడంతో రోడ్డుమీది నీళ్లు సరాసరి కార్పెట్‌లోకి చేరేవి.

రబ్బరు దిమ్మెల విషయం మరీ విచిత్రం. నలుగురు ఎక్కితే మినీ బరువు దాదాపు సగం పెరుగుతుంది. మామూలు స్ప్రింగు పెడితే ఒక్కరున్నప్పుడు ఎగిరెగిరి పడాలి, లేదా నలుగురెక్కినప్పుడు నేలకు తగలాలి. రబ్బరు అలా కాదు. నొక్కినకొద్దీ గట్టిపడుతుంది. కాబట్టి ఒక్కరున్నా నలుగురున్నా సర్దుకుంటుంది. కానీ ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు అణగారిపోతుంది. బండి ఓ పక్కకి ఒరిగినట్టో, మొత్తంగా కుంగినట్టో కనిపిస్తుంది. కొత్త దిమ్మెలు వేయగానే మినీ నిటారుగా లేచి నిలబడుతుంది. మోకాళ్ల నొప్పులు తగ్గిన పెద్దాయనలా!

అన్నీ అయ్యాక తాళం తిప్పే రోజు వస్తుంది. చోక్ లాగి, సెల్ఫ్ కొట్టి, నాలుగుసార్లు దగ్గాక ఇంజన్ అందుకుంటుంది. ఆయిల్ దీపం ఆరిపోతుంది. అడుగున గేర్ల నుంచి సన్నగా ఈల లాంటి రొద. చుట్టుపక్కలవాళ్లు బయటికొచ్చి చూస్తారు. ఆ ఈల రిపేరు లోపం కాదు, మినీ గొంతే అంత!

ఇది అదే కారేనా?

ఇక్కడో చిక్కు ప్రశ్న. ఆక్స్‌ఫర్డ్‌కి దగ్గర్లో విట్నీ అనే ఊళ్లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఉంది. నాటి ఫ్యాక్టరీ అచ్చులు, పనిముట్లతోనే మినీ బాడీని మొత్తంగా కొత్తగా తయారుచేసి అమ్ముతుంది. ధర పదివేల పౌండ్లకు పైమాటే. తుప్పు మరీ ముదిరిన కారుకి నెలల తరబడి అతుకులు వేసే బదులు, పాత ఇంజన్, సీట్లు, అద్దాలు, చక్రాలు తీసి కొత్త పెట్టెలో బిగించుకోవచ్చు. మరి అప్పుడది 1959 నాటి కారా, నిన్నటి కారా?

దీనిమీద మినీ ప్రియుల్లో రెండు పక్షాలున్నాయి. కారంటే తిరగాలి, పిల్లలు ఎక్కితే భద్రంగా ఉండాలి, కుళ్లిన రేకుని పట్టుకుని వేలాడటమెందుకని ఒక వర్గం. నాటి పనివాడి చేయి పడిన రేకు పిసరంతైనా మిగలాలి, అది లేకపోతే మిగిలేది నకలేనని మరో వర్గం. మొదటివాళ్లది నడిపేవాడి న్యాయం, రెండోవాళ్లది దాచుకునేవాడి న్యాయం. అనుభవజ్ఞులు చాలామంది నడిమి దారి పడతారు. బలం మోసే చోట కొత్త రేకు వేస్తారు. కంటికి కనిపించే చోట, చేతికి తగిలే చోట... స్టీరింగు, మీటరు, సీట్లు, తలుపు పిడులు... వీలైనంత పాతవే ఉంచుతారు. అరిగిన పిడిలో ఉన్న జ్ఞాపకం కొత్త పిడిలో దొరకదు కదా.

పెట్రోలుతోనూ తంటా వచ్చింది. బ్రిటన్‌లో 2000 సంవత్సరం నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. సీసం లేకపోతే పాత ఇంజన్ వాల్వులు కూర్చునే చోటు అరిగిపోతుంది. అందుకని సిలిండర్ హెడ్ విప్పి గట్టి లోహపు రింగులు వేయించుకుంటారు. 2021 నుంచి అక్కడ మామూలు పెట్రోలులో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది కాబట్టి వాటినీ మార్చుకోవాలి. ఇన్ని తిప్పలు పడ్డందుకు ప్రభుత్వం ఓ తాయిలం కూడా ఇస్తోంది. నలభై ఏళ్లు దాటిన కారుకి రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చేయకపోతే ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్షా అక్కర్లేదు. అయితే బండి భద్రంగా ఉందో లేదో చూసుకునే పూచీ మాత్రం యజమానిదే.

కొత్త మినీ... లావెందుకైంది?

2000 అక్టోబరు 4న లాంగ్‌బ్రిడ్జిలో చివరి పాత మినీ బయటికొచ్చింది. ఎర్రటి ఆ కారును గాయని లులు నడిపింది. అప్పటికి మినీ పేరు జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ చేతిలో ఉంది. 1994లో రోవర్ గ్రూపును కొన్న ఆ సంస్థ, 2000లో దాన్ని వదిలించుకుంటూ మినీని మాత్రం అట్టిపెట్టుకుంది. 2001లో ఆక్స్‌ఫర్డ్ ఫ్యాక్టరీ నుంచి కొత్త మినీ వచ్చింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న కౌలీకి మనతోనూ చుట్టరికముంది. మన అంబాసిడర్‌కి మాతృక అయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారు పుట్టింది అక్కడే!

గుండ్రటి దీపాలు, వేరే రంగు టాపు, డ్యాష్‌బోర్డు మధ్యలో పళ్లెమంత స్పీడోమీటరు... ముఖం చూస్తే తాత పోలికే. కానీ పక్కపక్కన నిలబెడితే పాతది కొత్తదాని ముందు బొమ్మలా ఉంటుంది. పాత మినీ పొడవు 3.05 మీటర్లు. 2001 నాటిది 3.63 మీటర్లు. మన మారుతి 800 పొడవు 3.34 మీటర్లేనంటే అర్థం చేసుకోండి! 2024లో వచ్చిన మూడు డోర్ల మినీ కూపర్ అయితే 3.8 మీటర్లు దాటేసింది. బరువు కూడా అంతే. పాతది ఆరువందల కిలోల చిల్లర, కొత్తది టన్ను పైనే.

'పేరేమో మినీ, ఒళ్లేమో ఇంత' అని వెక్కిరించేవాళ్లున్నారు. కానీ ఆ లావుకి కారణం ఉంది. పాత మినీలో ఎయిర్‌బ్యాగులు లేవు. మొదట్లో సీటుబెల్టులూ లేవు. ముందు నుంచి గుద్దుకుంటే మనిషికీ ప్రమాదానికీ మధ్య ఉండేది జానెడు ఇంజన్. బ్రేకు వేయాలంటే కాలు బలమంతా ఉపయోగించాలి. కొత్తదాంట్లో గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగే ముందుభాగం, పక్కల్లో ఎయిర్‌బ్యాగులు, చక్రాలు జారకుండా చూసే బ్రేకులు ఉన్నాయి. 2002లో యూరో ఎన్‌క్యాప్ భద్రతా పరీక్షలో దానికి అయిదింటికి నాలుగు నక్షత్రాలు వచ్చాయి. చలిలో పిల్లల్ని హైవే మీద తీసుకెళ్లాల్సి వస్తే రెండు మినీలూ ఉన్న ఇంట్లో ఎవరైనా ఏ తాళం తీసుకుంటారో వేరే చెప్పాలా!

అలాగని కొత్తదాంట్లో సరదా లేదనుకుంటే పొరపాటు. చక్రాలు నాలుగు మూలలకూ నెట్టి ఉండటం, కిందికి కూర్చున్నట్టుండే సీటు, చేయి కదిలిస్తే చాలు తిరిగే స్టీరింగ్... మలుపుల రోడ్డుమీద దాని హుషారు నడిపినవాళ్లకే తెలుస్తుంది. పాతది గంటకి వంద కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే దాదాపు అరనిమిషం కావాలి. 2001 కూపర్‌కి పది సెకన్లు చాలు. కాకపోతే వెనక సీటు ఇరుకు, డిక్కీ చిన్నది. అంత చిన్న పాత కారులో అంత చోటు సాధించిన ఇస్సిగోనిస్ ఇది చూస్తే ఏమనేవాడో! ఆయన 1988లోనే కన్నుమూశాడు.

మరి కొత్తది పాతబడితే? 2001 నాటి మినీలకే ఇప్పుడు పాతికేళ్లు నిండాయి. పాత మినీని బాగుచేయాలంటే స్పానర్లు, వెల్డింగ్ మిషను, ఓపిక ఉంటే చాలు. కొత్తదానికి కంప్యూటరు తగిలించి కోడ్ చదవాలి. 2024 మోడల్‌లో డ్యాష్‌బోర్డు మధ్యనున్న స్పీడోమీటరు చోటులోకి గుండ్రటి తెర వచ్చింది. నలభై ఏళ్ల తర్వాత అలాంటి తెర పాడైతే ఏ షెడ్డులో ఎవరు బాగుచేస్తారన్నది కాలమే చెప్పాలి.

అసలు వారసుడు ఎవరు?

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. పాత మినీకి కొత్త మినీ వారసుడేనా? పేరుకి, ముఖానికి, షికారు సరదాకి... ముమ్మాటికీ వారసుడే. కానీ తక్కువ ఖర్చులో, తక్కువ చోటులో ఓ మామూలు కుటుంబాన్ని నాలుగు చక్రాల మీద కూర్చోబెట్టాలన్న అసలు ఆలోచన వేరే దారిలో వెళ్లింది.

గేరుబాక్సుని ఇంజన్ కింద కాక, దాని చివర పక్కగా పెట్టి విడిగా ఆయిల్ పోస్తే ఆ ఇబ్బందులుండవని ఇటలీలో ఫియట్ ఇంజినీరు డాంటే జకోజా చూపించాడు. 1964లో ఆటోబియాంకి ప్రిములాలో, తర్వాత 1969లో ఫియట్ 128లో ఆ పద్ధతి వచ్చింది. అడ్డంగా ఇంజన్, దాని పక్కన గేరుబాక్సు, ముందు చక్రాలకే శక్తి... ప్రపంచంలోని చిన్న కార్లలో ఎక్కువభాగం ఇప్పటికీ అదే దారి. 1983లో మన దగ్గరికి మారుతి 800 రూపంలో వచ్చిందీ అదే. డ్రైవింగ్ స్కూల్లో మనలో ఎంతోమంది మొదట స్టీరింగ్ పట్టుకున్నది, నాన్న లోను పెట్టి కొన్నది, అయిదుగురు ఇరుక్కుని తిరుపతి వెళ్లొచ్చింది ఆ కారులోనే కదా. దాని బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ అడ్డంగా ఉంటుంది. లెక్కల పరీక్ష తప్పిన ఆ పెద్దమనిషి గీత అది!

మన 800ల్లో మొట్టమొదటిదాన్ని 1983 డిసెంబరు 14న అప్పటి ప్రధాని ఇందిరాగాంధీ ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్‌కి అందజేశారు. ఆయన బతికున్నంతకాలం దాన్ని అమ్ముకోలేదు. ఆయన పోయాక ఎండకీ వానకీ పాడైన ఆ కారును తర్వాత బాగుచేసి కంపెనీ ప్రధాన కార్యాలయంలో ఉంచారు. 800 తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు మన ఊళ్లలో అవి ఒక్కొక్కటే పాత ఇనుప సామాన్ల కొట్టు దారి పడుతున్నాయి. మన దగ్గర కారుకి పదిహేనేళ్లు నిండితే అయిదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుంటూ పోవాలి. అదో ఖర్చు, అదో తిరుగుడు. ఉంచుకోవాలన్న మనసున్నా చాలామంది వదిలించుకునేది అక్కడే.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, అసలు రూపు మారని వాహనాన్ని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరు ప్లేటు మీద 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. రోజూ తిరగడానికి, వ్యాపారానికి వీల్లేదు. ఆ లెక్కన మన మొట్టమొదటి 800లకి ఆ అర్హత 2033 డిసెంబరులో మొదలవుతుంది. అప్పటికి ఎన్ని మిగులుతాయన్నది కంపెనీ చేతిలో లేదు. ఈ ఆదివారం ఎవరింటి వెనక షెడ్డులోనో కార్పెట్ ఎత్తి, కింద రేకుని వేలితో తట్టి చూసే మనుషుల చేతిలో ఉంది.

మినీ ముచ్చట్లు

* పొట్టి గౌన్లకు 'మినీ స్కర్ట్' అన్న పేరు ఈ కారు నుంచే వచ్చింది. ఫ్యాషన్ డిజైనర్ మేరీ క్వాంట్‌కి మినీ కారంటే అంత ఇష్టం మరి!

* మొదట్లో ఇదే కారు రెండు పేర్లతో వచ్చేది. లాంగ్‌బ్రిడ్జిలో 'ఆస్టిన్ సెవెన్', కౌలీలో 'మోరిస్ మినీ మైనర్'.

* 1966లోనూ మాంటెకార్లో ర్యాలీలో మినీలే ముందున్నాయి. కానీ హెడ్‌లైట్లు నిబంధనలకు సరిపోలేదంటూ వాటిని పోటీ నుంచి తప్పించారు. ఓడినా గెలిచినంత పేరొచ్చింది.

* ఫోర్డ్ కంపెనీవాళ్లు ఓ మినీని కొని, నట్టు నట్టూ విప్పి లెక్కగట్టి, కారుకి దాదాపు 30 పౌండ్లు నష్టానికి అమ్ముతున్నారని తేల్చారట.

* బ్రిటన్‌లో ఏటా లండన్ నుంచి సముద్రతీరంలోని బ్రైటన్ దాకా మినీల ఊరేగింపు జరుగుతుంది. పాతవీ కొత్తవీ ఒకే వరసలో వెళ్తాయి.

* పాత మినీ ఇంజన్ తీసి విద్యుత్ మోటారు బిగించే పథకాన్ని మినీ సంస్థ 2022లో ప్రకటించింది. తీసిన ఇంజన్‌కి గుర్తు వేసి భద్రంగా ఉంచుతారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్లీ బిగించుకోవచ్చు.